వేరు తాగే నీటికి ఇసుక కాపలా

నీటిని ఇసుకగుండా నిదానంగా దింపి శుభ్రం చేసే స్లో శాండ్ ఫిల్టర్‌ని బాగా కట్టారో లేదో తెలియాలంటే ముందు దాని బయటి గొట్టం ఎత్తు చూడాలి. వడకట్టిన నీళ్లు తొట్టి అడుగు నుంచే బయటికొస్తాయి. కానీ ఆ గొట్టాన్ని అడుగునే వదిలేయరు. తొట్టి పక్కనే నిలువుగా పైకి లేపి, లోపలి ఇసుక మట్టానికి నాలుగు వేళ్లు పైన వంచి, అక్కణ్నుంచి నీళ్లు జారేలా చేస్తారు. పైన పోసే ధార ఆగిపోయినా, కరెంటు పోయి మోటారు నిలిచిపోయినా తొట్టిలోని నీటిమట్టం ఆ వంపు దగ్గరికి వచ్చి ఆగుతుంది. ఇసుక ఎప్పటికీ ఎండదు. వంపు పైభాగాన గొట్టానికి ఒక నోరు తెరిచి ఉంచుతారు. అది మూసుకుపోతే సైఫన్ పట్టి తొట్టిలోని నీళ్లన్నీ పీల్చేస్తుంది. కదిలే భాగం ఒక్కటీ లేదు, మీట లేదు, మనిషి కాపలా అక్కర్లేదు. రెండు వందల ఏళ్లుగా ఇంజనీర్లు చెక్కుతూ వచ్చిన పనిలో నాకు అన్నిటికంటే నచ్చేది ఈ చిన్న వంపే.

ఇసుక ఎండకూడదని ఇంత జాగ్రత్త ఎందుకంటే, అక్కడ నీటిని శుభ్రం చేసేది ఉత్త ఇసుక కాదు. దాన్ని పట్టుకుని బతికే సూక్ష్మజీవులు. అవి చచ్చిపోతే మిగిలేది ఒక తొట్టెడు ఇసుక మాత్రమే.

మట్టి లేని సేద్యంలో ఈ ఫిల్టర్‌కున్న చోటు గురించి విశాఖ వన్ టౌన్ నుంచి రాయడానికి కారణముంది. కురుపాం మార్కెట్ చుట్టుపక్కల, పాత పోస్టాఫీసు వెనక సందుల్లో ఇల్లూ ఇల్లూ ఆనుకునే ఉంటాయి. పెరడు ఉండదు. మొక్క పెంచాలంటే మేడ మీదే పెంచాలి. పాతకాలపు మద్రాస్ టెర్రస్ కప్పుల మీద బళ్లకొద్దీ మట్టి మోయిస్తే దూలాలు ఒప్పుకోవు. అందుకే కోకోపీట్ సంచుల్లో టమాటా, వంగ, కీర పెంచే పద్ధతి ఇలాంటి చోట బాగా కుదురుతుంది. అయిదు కిలోల కొబ్బరి పొట్టు ఇటుక ఒక్కటి నానబెడితే ఉబ్బి, మనిషి ఎత్తలేనంత మట్టి చేసే పనిని తేలిగ్గా చేసిపెడుతుంది. కోనసీమ కొబ్బరి మనకు దగ్గరే.

ఇబ్బంది నీళ్లతో. మట్టి లేనప్పుడు మొక్కకు కావలసిన నత్రజని మొదలు బోరాన్ దాకా అన్నీ నీళ్లలోనే కలిపి పంపాలి. సంచిలో ఉప్పు పేరుకోకుండా, ఏ మొక్కకూ తక్కువ కాకుండా ఉండాలంటే అవసరానికి మించి నాలుగోవంతో, మూడోవంతో ఎక్కువ పోయాలి. ఆ మిగులు సంచి అడుగు నుంచి కారిపోతుంది. అవి ఉత్త నీళ్లు కావు, డబ్బు పెట్టి కొన్న ఎరువు కలిసిన నీళ్లు. కొళాయి వచ్చే గంటలోనే బిందెలూ డ్రమ్ములూ నింపుకునే ఇంట్లో ఆ నీటిని తూములోకి వదలడానికి ఎవరికీ మనసొప్పదు. 1902 నాటి ముడసర్లోవ జలాశయం నుంచి, స్టీల్ ప్లాంటు కోసం నూట యాభై కిలోమీటర్లకు పైగా తవ్వి తెచ్చిన ఏలేరు కాలువ దాకా ఈ ఊరి చరిత్రలో సగం నీళ్ల కోసం వెతుకులాటే. కారిన నీటిని పట్టి మళ్లీ వాడుకోవడం ఇక్కడ ఎవరూ నేర్పనక్కర్లేని బుద్ధి.

అయితే ఆ నీటిని పట్టినట్టే పట్టి తిరిగి పోస్తే ఒక మొక్క జబ్బు ఒక్క రోజులో తోటంతా తిరిగొస్తుంది. మట్టిలోనైతే జబ్బు పాదు నుంచి పాదుకు నెమ్మదిగా పాకాలి. ఇక్కడ దాని ప్రయాణానికి మనమే పైపులు వేసి పెట్టాం. నారుకుళ్లు తెచ్చే పిథియం, వేరుకుళ్లు తెచ్చే ఫైటోఫ్తోరా ఈ పనికే పుట్టినట్టుంటాయి. వాటి బీజాలకు తోకలుంటాయి, నీళ్లలో ఈదుతాయి. వేరు నుంచి ఊరే చక్కెరల జాడ పట్టుకుని దాన్ని వెతుక్కుంటూ వెళ్తాయి. ఫైటోఫ్తోరాల్లో ఒక ముఖ్యమైన జాతికి మన గోదావరి డెల్టాతో సంబంధం ఉంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అక్కడి తాటిచెట్లు మొవ్వు కుళ్లి చనిపోతుంటే ప్రభుత్వ శిలీంధ్ర శాస్త్రవేత్త ఇ.జె. బట్లర్ వచ్చి పరిశీలించి, దానికి కారణమైన జీవిని 1907లో పిథియం పాల్మివోరమ్ అని వర్ణించాడు. తర్వాత ఆయనే దాన్ని ఫైటోఫ్తోరా వర్గంలోకి మార్చాడు. కొబ్బరి మొవ్వుకుళ్లుకు, కోకో కాయకుళ్లుకు ప్రపంచమంతటా కారణమంటున్న ఫైటోఫ్తోరా పాల్మివోరా అదే.

ఈ ఈతగాళ్లను ఆపడానికి హరితగృహాలవాళ్లు రకరకాల యంత్రాలు పెట్టారు. నెదర్లాండ్స్‌లో ఈ విద్య బాగా ముదిరింది. అక్కడి గ్రీన్‌హౌస్‌లు ఎరువుల నీటిని బయటి కాలువల్లోకి వదలడాన్ని 2027 నాటికి దాదాపు సున్నాకి తేవాలన్నది లక్ష్యం. కాబట్టి తిప్పి వాడక తప్పదు, శుద్ధి చేయక తప్పదు. వాళ్ల పాత నమ్మకమైన పద్ధతి కాచడం. నీటిని 95 డిగ్రీలకు తెచ్చి 30 సెకన్లు ఉంచితే శిలీంధ్రం, బ్యాక్టీరియా, వైరస్, నులిపురుగు ఏదీ మిగలదు. ఇందులో పనితనమంతా వేడిని మళ్లీ రాబట్టుకోవడంలో ఉంది. కాగి బయటికొచ్చే నీటి పక్కనుంచే పలుచని లోహపు పలకల మధ్యగా చల్లటి నీటిని లోపలికి పంపుతారు. పోయే వేడి వచ్చే నీటికి అందుతుంది, చివరికి బయటపడే నీళ్లు లోపలికెళ్లిన నీటికంటే కొన్ని డిగ్రీలే వెచ్చగా ఉంటాయి. పలకల మీద సున్నం గార కట్టకుండా ముందే ఆమ్లం కలిపి పీహెచ్ తగ్గిస్తారు. చూడముచ్చటైన పని. గ్యాసు ఖర్చు మాత్రం మనలాంటి చిన్నవాళ్లకు అందేది కాదు.

అతినీలలోహిత దీపాలది ఇంకో దారి. 254 నానోమీటర్ల కాంతి సూక్ష్మజీవి జన్యుపదార్థాన్ని చెడగొట్టి, అది ఇక పెరగకుండా చేస్తుంది. శిలీంధ్రాలకు, బ్యాక్టీరియాకు చదరపు సెంటీమీటరుకు 100 మిల్లీజౌళ్లు, వైరస్‌లకు 250 ఇవ్వాలంటారు. కానీ కాంతి నీళ్లగుండా వెళ్లగలగాలి కదా. కొత్త కోకోపీట్ నుంచి కారే నీళ్లు డికాక్షన్ రంగులో ఉంటాయి. ఆ రంగే కాంతిని మింగేస్తుంది. దీపం వెలుగుతూనే ఉంటుంది, జబ్బు దాటిపోతూనే ఉంటుంది. పైగా మొక్క కోసం కీలేట్ రూపంలో కలిపిన ఇనుమును ఈ కాంతి విడగొట్టేస్తుంది. ఇనుము తుప్పుగా మారి దీపం చుట్టూ ఉన్న క్వార్ట్జ్ గొట్టానికి పట్టుకుంటుంది. లేత ఆకులు పసుపెక్కాక రైతు ఎరువును అనుమానిస్తాడు. ఓజోన్‌తోనూ ఇనుముకు ఇదే గతి.

బ్లీచింగ్ పౌడర్ సంగతి చెప్పకపోతే మనవాళ్లు అడుగుతారు. తుపాను వెలిశాక బావుల్లో వేసేది అదే కాబట్టి అందరికీ దానిమీద నమ్మకం. క్లోరిన్ పీహెచ్ 6 దగ్గర బాగా పని చేస్తుంది, మొక్కల నీళ్లూ దాదాపు ఆ పీహెచ్‌లోనే ఉంటాయి. అంతవరకు బాగానే ఉంది. కానీ ఎరువులో అమ్మోనియం ఉంటే క్లోరిన్ దానితో కలిసి క్లోరమిన్‌గా మారుతుంది. అది నీళ్లలో త్వరగా విరగదు, వేర్లను గోధుమరంగుకు తిప్పేస్తుంది. కొళాయి నీటికి సరిపోయిన మందు పోషకాల నీటికి సరిపోతుందని అనుకోకూడదు.

ఈ పద్ధతులన్నిటి తీరు ఒకటే: కనబడ్డ ప్రతి ప్రాణినీ చంపడం. ఇసుక ఫిల్టర్ ఆ పని చేయదు. అందుకే దాని దగ్గర ఎక్కువసేపు ఆగాలి.

బయటికి చూస్తే ఏమీ ఉండదు. అడుగున రంధ్రాల పైపులు, వాటిమీద పెద్ద గులకరాళ్లు, ఆపైన చిన్నవి, ఆపైన కంకర నూక, చివరికి ఒక మీటరు మందాన సన్న ఇసుక, దానిమీద నిలిచిన నీళ్లు. ఇసుక రేణువు 0.15 నుంచి 0.35 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. మన మేస్త్రీలు గోడలకు పూసే ఇసుకను ఇంకా సన్నని జల్లెడలో పట్టాలన్నమాట. అంత సన్న రేణువుల మధ్య ఖాళీ కూడా బ్యాక్టీరియా ముందు పెద్ద వీధే. ఒక మైక్రాన్ బ్యాక్టీరియా, పది మైక్రాన్ల ఫైటోఫ్తోరా బీజం ఆ సందుల్లోంచి దూరిపోగలవు. అయినా దూరిపోవు. ఎందుకంటే ఈ ఫిల్టర్ జల్లెడ పట్టదు.

నీళ్లు పోయడం మొదలెట్టిన కొద్ది వారాల్లో ఇసుక పైన గోధుమరంగు జిగురు పొర ఏర్పడుతుంది. బ్యాక్టీరియా, శిలీంధ్రాలు, ఏకకణ జీవులు, నీళ్లలో కొట్టుకొచ్చిన నలుసులు అల్లుకుని తయారైన పొర అది. కిందికి వెళ్లే కొద్దీ ప్రతి ఇసుక రేణువు చుట్టూ అలాంటి సన్నపొరే ఉంటుంది. పైనుంచి దిగే బీజం ఏదో ఒక రేణువును తాకకుండా మీటరు లోతు దాటలేదు. తాకితే అంటుకుంటుంది. అంటుకున్నదాన్ని ఒక జీవి మింగుతుంది, ఇంకోటి దాని గోడను కరిగిస్తుంది, ఏదీ పట్టించుకోకపోయినా తిండి లేక అదే చస్తుంది. ఇదంతా జరగాలంటే నీళ్లు నిదానంగా దిగాలి. గంటకు చదరపు మీటరుకు 100 నుంచి 300 లీటర్లు, అంటే గంటకు 10 నుంచి 30 సెంటీమీటర్లు. ధార ఆగి ఆగి రాకూడదు, ఒకే తీరున రావాలి. లోపలి జీవులకు నీళ్లే గాలి తెచ్చిపెడతాయి. ధార చాలాసేపు నిలిస్తే అవి ఊపిరాడక పోతాయి. వాటికి ఉన్నపళాన వేగం పెంచినా గిట్టదు.

ఈ పద్ధతి గొప్పతనాన్ని ప్రపంచం ఒక విషాదంలో చూసింది. స్కాట్లాండ్‌లోని పేస్లీలో జాన్ గిబ్ అనే బట్టల చలవ కార్ఖానా యజమాని 1804లో ఇలాంటి ఫిల్టర్ కట్టి, మిగిలిన నీళ్లు ఊరివాళ్లకు అమ్మాడు. 1829లో జేమ్స్ సింప్సన్ లండన్ చెల్సీ నీటి కంపెనీకి పెద్దది కట్టాడు. 1892లో జర్మనీలోని హాంబర్గ్‌కు కలరా వచ్చింది. ఆ ఊరు ఎల్బే నది నీటిని వడకట్టకుండా తాగేది. 8,600 మందికి పైగా చనిపోయారు. పక్కనే ఉన్న ఆల్టోనా ఇంకా దిగువన ఉంది, హాంబర్గ్ మురుగంతా కలిసిన నీళ్లే దానికి దిక్కు. కానీ ఆల్టోనా ఆ నీటిని ఇసుక ఫిల్టర్లగుండా పంపి తాగింది. రెండు ఊళ్ల సరిహద్దు వీధిలో ఒక వైపు కలరా, ఎదురు వైపు ఆరోగ్యం. రాబర్ట్ కోచ్ ఈ తేడాను లోకానికి చూపించాక ఇసుక ఫిల్టర్ విలువ మీద వాదన మిగల్లేదు.

ఆ నీటి ఇంజనీర్ల విద్యను గ్రీన్‌హౌస్‌లోకి తెచ్చినవాళ్లలో జర్మనీ గైజన్‌హైమ్ ఉద్యాన పరిశోధన కేంద్రానికి చెందిన వాల్టర్ వోహంకా ముఖ్యుడు. 1990లలో ఆయనా, డచ్ పరిశోధకులూ పోషకాల నీటిని ఇసుకగుండా పంపి చూశారు. పిథియం, ఫైటోఫ్తోరా దాదాపు పూర్తిగా ఆగిపోయాయి. ఎండు తెగులు తెచ్చే ఫ్యుజేరియం, వైరస్‌లు, నులిపురుగులు తగ్గాయే గాని పూర్తిగా పోలేదు. ఇక ఇనుము కీలేట్ చెడలేదు, నీళ్ల రంగుతో పేచీ లేదు. అన్నిటికంటే నాకు ముఖ్యమనిపించేది ఒకటుంది. కాచిన నీటిలోకి ఒక్క జబ్బు బీజం పడితే దానికి పోటీ ఉండదు, మైదానమంతా దానిదే. ఇసుక దాటి వచ్చిన నీళ్లలో మేలు చేసే బ్యాక్టీరియా వేరు దాకా వస్తుంది, జబ్బుకు చోటు దొరక్కుండా కూర్చుంటుంది.

తెలుగువాళ్లకు ఈ ఫిల్టర్ పరాయిది కాదు. 1970ల రెండో సగంలో నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి, నెదర్లాండ్స్‌లోని తాగునీటి సంస్థ ఐఆర్‌సీతో కలిసి గ్రామాలకు ఇసుక ఫిల్టర్లు సరిపోతాయా అని దేశంలో నాలుగుచోట్ల కట్టి చూసింది. ఆ నాలుగింటిలో ఒకటి పశ్చిమ గోదావరి పోతునూరు, ఇప్పుడది ఏలూరు జిల్లా. డెల్టా పల్లెల్లో పుట్టినవాళ్లకు మంచినీళ్ల చెరువు గట్టున ఫిల్టర్ బెడ్లు చిన్నప్పటి నుంచీ తెలుసు. వాటిలో జరిగే పని ఎంత సున్నితమైందో మాత్రం చాలామంది గమనించరు.

ఆ బెడ్డును గోకే రోజు దగ్గర నిలబడి చూడాలి. జిగురు పొర మందమై నీళ్లు దిగడం తగ్గినప్పుడు పైధార కట్టేసి, నీటిమట్టాన్ని ఇసుకకు జానెడు కిందికి దించుతారు. అంతకంటే దించరు, లోపలి జీవులకు తడి ఉండాలి. చెక్క పలకలు పరుచుకుని వాటిమీదే నడుస్తారు. నేరుగా కాలు పెడితే ఇసుక గట్టిపడి అక్కడ నీళ్లు దిగవు. వెడల్పు పారతో పైపొర ఒకటి రెండు సెంటీమీటర్లు మాత్రమే ఎత్తుతారు. చెయ్యి తిరిగినవాడి పార కింద పొర అట్టులా లేచి వస్తుంది, కింద తెల్లటి ఇసుక చదునుగా కనిపిస్తుంది. ఎత్తిన ఇసుకను తట్టల్లో మోసి, కడిగి, ఆరబెట్టి దాస్తారు. ఏళ్ల తరబడి గోకగా బెడ్డు మందం తగ్గినప్పుడు మళ్లీ వేసేది దాన్నే. తిరిగి నీళ్లు పెట్టేటప్పుడు పైనుంచి పోయరు. శుభ్రమైన నీటిని అడుగు నుంచి నెమ్మదిగా ఎక్కిస్తారు. అప్పుడు రేణువుల మధ్య చిక్కిన గాలి బుడగలు పైకి వచ్చేస్తాయి. పైనుంచి పోస్తే ఆ గాలి లోపలే ఉండిపోయి నీటికి అడ్డదారులు చేస్తుంది. ఈ పనిలో తొందర ఎక్కడా చెల్లదు.

విశాఖలోనే ఇంకోచోట ఇలాంటి బతికున్న ఫిల్టర్‌ను నమ్ముకుని చేసిన పనుంది. ఇక్కడున్న, సముద్ర చేపల పరిశోధన సంస్థ సీఎంఎఫ్‌ఆర్‌ఐ ప్రాంతీయ కేంద్రం నీటిని తిప్పి వాడే తొట్లలో గ్రూపర్, పాంపనో చేపల చేత గుడ్లు పెట్టించింది. చేపల మలినంలోని అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చేది అక్కడా బ్యాక్టీరియానే. సముద్రపు నీళ్లు, చేపలు అన్న తేడా ఉన్నా సూత్రం మనదే.

ఇక వన్ టౌన్ మేడకు ఇది ఎలా సరిపోతుందో లెక్క చూద్దాం. యాభై సంచులున్న మేడ మీద సంచికి రోజుకు రెండు లీటర్లు పోస్తే వంద లీటర్లు. అందులో నాలుగోవంతు కారితే పాతిక లీటర్లు. ఇంతకు పెద్ద డ్రమ్ము అక్కర్లేదు. ఎనిమిదంగుళాల పీవీసీ గొట్టం అయిదారు అడుగులది నిలువుగా నిలబెట్టి మీటరు మందాన ఇసుక పోస్తే, గంటకు చదరపు మీటరుకు 100 లీటర్ల లెక్కన రోజుకు 70 లీటర్ల దాకా ఇస్తుంది. తడి ఇసుక బరువు దాదాపు అరవై కిలోలే. అయినా పాత కప్పు మధ్యలో కాకుండా గోడ పక్కన నిలబెట్టాలి. గొట్టం లోపలి గోడను ముందు గరుకు కాగితంతో బాగా రుద్దాలి. లేకపోతే నున్నటి ప్లాస్టిక్‌ను ఆనుకుని నీళ్లు ఇసుకలోకి వెళ్లకుండానే జారిపోతాయి. ఇసుక గొట్టం పైనోటికి మూత పెట్టాలి, లేకపోతే గాలిలో వచ్చే నల్ల దుమ్ము పైపొరను ముందే పూడ్చేస్తుంది, దోమ కూడా గుడ్లు పెడుతుంది. కారిన నీళ్లు పైకి చేరడానికి చిన్న మోటారు, ఒకే తీరున దిగడానికి పైన ఒక బకెట్టు, సన్న కొళాయి చాలు. పాతిక లీటర్లే కారే రోజుల్లో వడకట్టిన నీటినే మళ్లీ పైకి పంపి ధార తెగకుండా చూడాలి.

బీచ్ ఇసుక మాత్రం వద్దు. అక్కడి నుంచి తేవడమే తప్పు, పైగా అందులో ఉప్పుంటుంది, గవ్వల పొడి ఉంటుంది. గవ్వ కరిగితే పోషకాల నీళ్ల పీహెచ్ పెరిగిపోతుంది. నది ఇసుకైనా పిడికెడు తీసి యాసిడ్ చుక్కలు వేసి చూడండి. పొంగితే అందులో సున్నం ఉన్నట్టే, పక్కన పెట్టేయండి. పొంగకపోతే జల్లెడ పట్టి, కడిగిన నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి.

దీని హద్దులూ చెప్పాలి. టమాటాలో మొజాయిక్ వైరస్ కనిపిస్తే ఇసుకను నమ్ముకుని ఆ నీటిని తిప్పకండి. ఆ మొక్కలు పీకేసి, నీళ్లు పారబోయాలి. ఉప్పును ఇసుక ఆపదు, ఏ దీపమూ ఆపదు. సముద్రం ఒడ్డు బోరు నీళ్లతో మొదలెడితే తిప్పిన ప్రతిసారీ సోడియం పేరుకుంటుంది, అందుకే వాన నీళ్లు కలపడం మంచిది. వంద చదరపు మీటర్ల మేడ మీద మన ఊళ్లో ఏటా లక్ష లీటర్ల వాన పడుతుంది. పెద్ద గ్రీన్‌హౌస్ పెట్టి వైరస్ భయం ఉన్నవాళ్లు యూవీ దీపం కొనుక్కోవాల్సిందే. కాకపోతే దాని ముందు ఇసుక ఫిల్టర్ పెడితే నలుసులు ఆగి, దీపానికి పని తేలికవుతుంది.

చిన్న తోటకు మాత్రం నా ఓటు ఇసుకకే. పెట్టాలనుకున్నవాళ్లు ఒక్క సంగతి మరిచిపోకండి. పొర తయారవడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది, ఆలోగా దాన్ని నమ్మకూడదు. టమాటా నారు నాటుకి రావడానికి పట్టేదీ దాదాపు అంతే. కాబట్టి ట్రేలో విత్తనం వేసిన రోజే ఫిల్టర్‌లో నీళ్లు వదలండి.